మెదకు దారిలో విమానములు

మెదకు పట్టణమనగానే మన సోదరీమణులలో కొందరికి చర్చి గోపురము జ్ఞప్తికి వచ్చును. మరికొందరికి కొండమీది కోటయో, ఏడుపాయల జాతరయో స్ఫురించును. మాకు మాత్రము మొదట ఒక చప్పుడు చెవులలో మ్రోగును. అది విమానపు చప్పుడు. మెదకులో విమానాశ్రయము లేదు గదా, ఇదేమి వింత యని నవ్వవలదు. 1970వ దశకపు చివరి యేండ్లలో మేము ఆ పట్టణమున పెరిగితిమి. వేసవిలో మా అమ్మ డాబామీద వడియములు పెట్టి కాపలాకు మమ్ము కూర్చుండబెట్టెడిది. మేము కాకులను చూచుట మాని మబ్బులను చూచెడివారము. ఎక్కడనో దూరమున సన్నని గీతవలె విమానమొకటి పోవుచుండెడిది. ఇక్కడ కాకులు తమ పని తాము చేసికొని పోయెడివి. “వడియములు పోయిన పోనీ, ఆ మబ్బులో నీ కేమున్నదే!” యని అమ్మ కోపపడెడిది.

పాత లెక్కల పుస్తకము వెనుక పుటలలో తారీఖు, వేళ, విమానము పోయిన దిక్కు వ్రాసికొనుట మా అలవాటు. పత్రికలలో బొమ్మలు చూచి పేర్లు నేర్చితిమి. బెంగుళూరిలో ఘాటగే గారి ఆధ్వర్యమున రూపొంది 1964 సెప్టెంబరు 4న తొలిసారి యెగిరిన కిరణ్. 1975 మొదలు 2004 వరకు హకీంపేటలో విద్యార్థులకు యుద్ధవిమాన విద్య నేర్పిన పోలెండు దేశపు ఇస్క్రా. ఇస్క్రా యనగా ఆ దేశభాషలో నిప్పురవ్వ. ఈ పేర్లు మాకు చుట్టముల పేర్లవలె కంఠస్థమైనవి.

ఇన్ని యేండ్లకు ఆ పిచ్చి మా తమ్ముని కుమార్తెకు అంటినది. 2024 డిసెంబరు 8న హైదరాబాదులో హుస్సేనుసాగరముపై సూర్యకిరణ్ జట్టువారి విన్యాసములు జరుగగా, ఆమెను వెంటబెట్టుకొని పోయితిమి. తొమ్మిది హాక్ విమానములు ఒకదాని ప్రక్క నొకటి, ఱెక్కల నడుమ ఐదు మీటర్ల యెడమైనను లేకుండ, సాగరముమీద తిరుగుచుండ జనులందరు మైమరచి చూచిరి. పిల్ల చప్పట్లు కొట్టలేదు. ఇంటికి వచ్చి, వైమానిక దళ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టెదనని చెప్పినది.

మా మరదలు ఆ రాత్రి భోజనము చేయలేదు. మరునాడు మాతో నిట్లనెను: “వదినె, ఈ పిచ్చి మీరే యెక్కించితిరి. పైకి ఎగురుట చూపించితిరి. క్రింద పడుట కూడ చూపించితిరా?”

ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది. నిజమే, మేము పిల్లకు చెప్పిన కథలన్నియు ఎగురు కథలే. అందుచే సంక్రాంతి వెళ్ళిన పిదప ఒక యాదివారమున, మెదకులోని మా పాత యిల్లు చూచి వత్తమని ముగ్గురము బయలుదేరితిమి. ఆ దారి మేము ఎంచినదే. హైదరాబాదునుండి నర్సాపురము మీదుగా మెదకు పోవు త్రోవ యంతయు విమానముల త్రోవయే.

మొదటి మజిలీ బేగంపేట. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు శంషాబాదునకు తరలిపోయిన పిదప ఈ పాత విమానాశ్రయమున నిత్యపు సందడి తగ్గినది గాని, అదే యేడు అక్టోబరు మొదలు ఇచ్చట దేశ విదేశ విమానముల ప్రదర్శనములు జరుగుచున్నవి. నెమలిరంగులు పూసిన సారంగ్ జట్టు హెలికాప్టర్లు ఎదురెదురుగా వచ్చి తప్పుకొనుట మేము ఇక్కడనే చూచితిమి. బండి ఆ గోడ ప్రక్కన పోవుచుండ, మేము 2010 మార్చి 3వ తేదీ సంగతి చెప్పితిమి. ఆ దినమున ప్రదర్శనము మొదలైన కొద్దిసేపటికే నౌకాదళమువారి సాగర్ పవన్ జట్టులోని కిరణ్ విమాన మొకటి సమీపమున బోయినపల్లిలో ఇండ్ల నడుమ కూలినది. అందున్న ఇరువురు నావికాధికారులును మరణించిరి. ఆ జట్టు మరల ఎగురలేదు. మా చిన్ననాటి పుస్తకములో అన్నిటికన్న ఎక్కువసార్లు వ్రాసికొన్న పేరు ఆ కిరణ్‌దే.

పిల్ల కిటికీనుండి చూచుచు, “తలక్రిందులుగా తిరుగునప్పుడు వారు జారిపడకుండుట యెట్లు, అత్తమ్మా?” యని అడిగినది. తల్లి వినవలెనని యడిగినట్లు మాకు తోచినది. చెంబునకు త్రాడుకట్టి నీరు పోసి గిరగిర త్రిప్పినచో, చెంబు తలక్రిందులైనను నీరొలకదు. విమానము గుండ్రముగా తిరుగునప్పుడు అందలి మనిషియు ఆ నీటివంటివాడే. పీటకు అదుముకొని పోవును. ఆ యదుము నాలుగింతలైనచో అరువది కిలోల మనిషికి రెండువందల నలువది కిలోల బరువు మోయుచున్నట్లుండును. నెత్తురు తలనుండి కాళ్ళకు దిగి కన్నులు చీకట్లు క్రమ్మును. అందుచే యుద్ధవిమానము నడపువారు గాలి నిండి కాళ్ళను బిగించు ప్రత్యేకపు దుస్తులు తొడిగికొందురు. ఊపిరి బిగబట్టు పద్ధతి నేర్చికొందురు. మరదలు ఇదంతయు వినుచునే యున్నది. “పిండి విసరునప్పుడు మనమును ఊపిరి బిగబట్టుదుము” అని మాత్రము అన్నది.

బాలానగరము దాటితిమి. ఇక్కడ హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారి కర్మాగారమున విమానములకు వలయు ఎలక్ట్రానిక్ పరికరములు తయారగును. అటుపిమ్మట దుండిగల్లు వచ్చినది. 1967లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేను గారు శంకుస్థాపన చేసిన వైమానిక దళ అకాడమీ ఇదియే. 1971నుండి ఇచ్చట శిక్షణము సాగుచున్నది. పొడుగాటి ప్రహరీ వెంబడి పోవుచు మేము మరదలికి 2016 జూన్ 18వ తేదీ మాట చెప్పితిమి. 1994నుండియే మన దేశమున స్త్రీలు సైనిక రవాణా విమానములను, హెలికాప్టర్లను నడపుచుండిరి గాని యుద్ధవిమానము వారికి అందలేదు. ఆ జూన్ నాడు ఈ గోడల లోపలనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ అను మువ్వురు యువతులు మొట్టమొదటి స్త్రీ యుద్ధవిమాన పైలట్లుగా నియమింపబడిరి.

మరదలు గోడవంక చూచుచు, “ఆ కవాతు చూచుటకు తల్లులను రానిత్తురా?” యని అడిగెను. రానిత్తురని చెప్పితిమి. మరల చాల దూరము ఆమె మాటాడలేదు.

గుమ్మడిదల దాటి నర్సాపురపు అడవిలో ప్రవేశించిన పిదప ఎండ తగ్గి చల్లగాలి వీచినది. ఈ అడవిమీదుగా పోవుచు మేము ఇన్నాళ్ళు దాచిన మాట చెప్పవలసి వచ్చినది. ఏలనన నర్సాపురమునుండి తూప్రానునకు ఒక త్రోవ చీలును. 2023 డిసెంబరు 4వ తేదీ ఉదయము ఆ తూప్రాను మండలములోని రావెల్లి గ్రామమువద్ద దుండిగల్లునుండి వచ్చిన పిలాటస్ విమానము కూలిపోయినది. విద్య గరపు గురువొకడు, నేర్చుకొను శిష్యుడొకడు, ఇరువురును దగ్ధమైరి. ఊరివారి కెవ్వరికిని హాని కలుగలేదు.

ఆ పిలాటస్ విమానము వచ్చుటకు వెనుక మరియొక కథ కలదు. అంతకుముందు మొదటి పాఠములు చెప్పుటకు దీపక్ అను విమాన ముండెడిది. పేరు దీపమైనను, గాలిలో దాని ఇంజను ఆగిపోవు జాడ్యము కలది. 17 ప్రమాదములలో 19 మంది ఆహుతియైన తరువాత, 2009 జూలైలో దానిని నేలకు దించివేసిరి. స్విట్జర్లండునుండి 75 పిలాటస్ విమానములు కొనుటకు 2012లో ఒప్పందమైనది; 2013లో అవి వచ్చి పాఠములు మొదలిడినవి. నడుమ నాలుగేండ్లు మన కిరణే చిన్నబడి పెద్దబడి రెండును తానై నడపినది. దీపక్‌లోను కిరణ్‌లోను గురుశిష్యులు ప్రక్కప్రక్కన కూర్చుందురు. పిలాటస్‌లో గురువు వెనుక కూర్చుండును. సైకిలు నేర్పునప్పుడు వెనుకనుండి పట్టుకొనునట్లు, ఆయన చేతిలోను ఒక చుక్కాని యుండును.

“ఈ సంగతి నాకు తెలియును, అత్తమ్మా” అని పిల్ల మెల్లగా ననెను. “రెండు విమానముల సంగతియు చదివితిని.” మరదలు కూతురి వంక తిరిగి చూచెను. తనకు తెలియకుండ కూతురు భయపడియున్నదని ఆమెకు అప్పుడే తెలిసినట్లుండెను.

మధ్యాహ్నమునకు మెదకు చేరితిమి. మా పాత యింటి స్థానమున ఇప్పుడు మూడంతస్తుల మేడ యున్నది, డాబా లేదు. చర్చి మాత్రము మేము చూచినట్లే యున్నది. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరవు రోజులలో కూలీలకు పనియు కూడును కల్పించుచు కట్టించిన యీ మందిరము 1924 డిసెంబరు 25న ప్రారంభమైనది. 175 అడుగుల గోపురము, రంగుటద్దముల కిటికీలు, ఐదువేల మంది కూర్చుండదగిన విశాలమైన మండపము గలవు. చిన్నతనమున విమానము ఎంత యెత్తున పోవుచున్నదో ఈ గోపురముతోనే కొలిచెడివారము. “నాలుగు చర్చిల యెత్తు” అని వ్రాసికొనెడివారము.

ఎండ వాలిన తరువాత కోట యెక్కితిమి. కాకతీయులనాటి యీ దుర్గమునకు ఒక ద్వారమున సింహములు, ఒక ద్వారమున గజములు కాపలా. రెండు తలల గండభేరుండ పక్షియు నొకచోట చెక్కబడియున్నది. ఎగురు కోరిక మనవారికి నిన్న మొన్నటిది కాదని పిల్ల నవ్వినది. పైన పాత ఫిరంగి ప్రక్కన కూర్చుండి మరదలు తెచ్చిన పులిహోర మూటవిప్పితిమి. క్రింద పట్టణము, పొలములు, చెరువులు చాపపరచినట్లున్నవి.

అక్కడ వారికి ఇంకొక పాత విమానము కథ చెప్పితిమి. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఈ మెదకు నిజాము సంస్థానములోనిది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారు బ్రిటిషు వైమానిక దళమునకు ఒక దండుకు సరిపడు డీహెచ్-9ఏ విమానములను బహూకరించిరి. అందుచే ఆ 110వ స్క్వాడ్రనుకు హైదరాబాదు పేరు స్థిరపడినది. విమానములపై నిజాము పేరు వ్రాసిరి. వానిలో నొకటి, ఎఫ్-1010 సంఖ్య గలది, 1918 అక్టోబరులో జర్మనీపై పోయి అచ్చటనే దిగిపోగా, అందలి ఇరువురును బందీలైరి. జర్మనులు దానిని బెర్లినులో ప్రదర్శనకు పెట్టుకొనిరి. రెండవ యుద్ధమున అది పోలెండు చేరినది. 1977లో బ్రిటనువారు ఒక స్పిట్‌ఫైరు విమానము నిచ్చి దానిని తెచ్చుకొనిరి. ఇప్పుడది లండనునందలి హెండన్ మ్యూజియములో గలదు.

రాజుల ధనాగారమునకు మూలము రైతుల చాళ్ళే గదా. క్రింద కనబడు పొలముల ధాన్యము గింజ యొకటి ఆ ఱెక్కలలోను ఉండవచ్చునని మేము గర్వముతో ననగా, మరదలు వేరొక మాట యన్నది. “అందులో పోయిన ఆ ఇద్దరి తల్లులకు, విమానముమీద వ్రాసిన పేరెవరిదో ఏమి తెలియును, వదినె? కొడుకులు తిరిగి వచ్చువరకు వారెట్లుండిరో ఎవరైన వ్రాసినారా?”

లేదని ఒప్పుకొంటిమి. మా లెక్కల పుస్తకములోను విమానము పోయిన దిక్కే యున్నది; అది తిరిగి చేరినదా లేదా యని ఏ పుటలోను వ్రాయలేదు.

అంతలో దూరముగా ఒక చప్పుడు వినబడినది. మా కన్నులు ఇప్పుడు మందగించినవి, మాకు కనబడలేదు. మరదలే నుదుటికి చేయి అడ్డముపెట్టి, “అదిగో, చెరువుమీదుగా” అని చూపినది. ఒక చిన్న విమానము ఎండలో మెరసి తూర్పునకు తిరిగినది. అది కనుమరుగగువరకు ఆమె చేయి దింపలేదు.

దిగునప్పుడు ఆమె కూతురితో, “రావెల్లి సంగతి తెలిసియే పోవుదువా?” యని అడిగెను. “తెలిసియే, అమ్మా” అని పిల్ల చెప్పెను. “అట్లయిన దరఖాస్తు పెట్టుకొనుము. కాని భయము వేసిననాడు నాకు చెప్పవలెను. నీవొక్కతెవు దాచుకొనవలదు” అని మరదలు అన్నది.

పిల్ల పరీక్ష వ్రాసినది. ఎంపికయగునో లేదో మేమెరుగము. ఆ పరీక్షలో నెగ్గువారు కొందరే. అయినను మేమొక పని చేసితిమి. క్రొత్త పుస్తకమొకటి కొని మరదలి చేతి కిచ్చితిమి. మొదటి పుటలో ఆమె ఆ యాదివారపు తారీఖు, వేళ, దిక్కు వ్రాసి, ప్రక్కన “తిరిగి చేరవలెను” అని వ్రాసికొన్నది.

సోదరీమణులారా, మీ యూరిపై విమానముల జట్టు పోవునప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని తప్పక చూడుడు, చప్పట్లు కొట్టుడు. అవి అన్నియు దిగువరకు మాత్రము ఇంటికి మరలవలదు.