బక్షం మానేసి చారు తాగితే?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఉగాదినాడు బక్షాలు కాల్చని ఇల్లు అరుదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిని బక్షం తినవద్దని వైద్యులం హెచ్చరిస్తాం. చారు సంగతి మాత్రం మేమూ చెప్పం, మీరూ అడగరు.

నా వద్దకు వచ్చే ఒక రైతు డయాలసిస్ రోగి. పండుగపూట ఆయన బక్షం ముట్టలేదు. శనగపప్పు ఉడికించిన నీళ్లతో కాచిన బక్షాల చారు మాత్రం రెండు గిన్నెలు తాగారు. మర్నాడు కాళ్లు లేవడం లేదని మోసుకొచ్చారు. రక్తంలో పొటాషియం ప్రమాదస్థాయికి చేరింది. సకాలంలో డయాలసిస్ అందబట్టి గుండె నిలిచింది. చారు గురించి ముందుగా చెప్పని తప్పు నాదే.

పప్పు ఉడికేటప్పుడు అందులోని పొటాషియం గణనీయంగా నీటిలోకి దిగుతుంది. రోగి విషయంలో వార్చి పారబోయవలసిన ఆ నీటికే మనం చింతపండు చేర్చి వడ్డిస్తున్నాం! బెల్లంలోనూ పొటాషియం ఎక్కువ. చక్కెరలో దాదాపు ఉండదు.

మీ ఇంట అటువంటి రోగి ఉంటే, మైదాపిండిలో బొంబాయి రవ్వ, చక్కెర, యాలకుల పూర్ణం పెట్టి ఒక చిన్న బక్షం విడిగా కాల్చండి. పాలు, కొబ్బరి, జీడిపప్పు వద్దు. కాస్త నెయ్యి ఫరవాలేదు. మధుమేహం కూడా ఉన్నవారు ఆ ఒక్కటీ తమ వైద్యుని అడిగాకే తినాలి.

మరుసటి ఉగాదికి ఆ రైతు ఇల్లాలు అలాగే చేసిందట. పప్పు బక్షం రుచి రాలేదని ఆయన గొణిగారట. గొణుగుతూనే రెండోది అడిగారట.