అయిదు కప్పుల కథ

నాకౌట్ అంటే ఏమిటో ఆడవాళ్ళకి వేరే చెప్పాలటండీ? నెలంతా కమ్మగా వండిపెట్టినా, చుట్టాలొచ్చిన ఒక్క పూట పప్పు మాడిందంటే చాలు, ముప్ఫై రోజుల పేరూ గంగలో కలిసిపోతుంది. ఫుట్‌బాల్‌లో నాకౌట్ పోటీలూ అంతే. ఓడిన జట్టు మూటాముల్లె సర్దుకుని ఇంటిదారి పట్టాల్సిందే!

మా నాగల్‌గిద్ద కర్ణాటక సరిహద్దు దగ్గరి ఊరు. మా వైపు తెలుగుతో పాటు కన్నడం, మరాఠీ కూడా చెవిన పడుతూంటాయి. ఇప్పుడు మా పుత్రరత్నం పుణ్యమా అని ఇంట్లో స్పెయిన్ ఆటగాళ్ళ పేర్లూ వినిపిస్తున్నాయి. యూరప్ క్లబ్బుల మ్యాచ్‌లు మనకి అర్ధరాత్రి పన్నెండున్నరకో, ఒంటిగంటన్నరకో మొదలవుతాయి. వీడు ఫోను పట్టుకుని దుప్పట్లో దూరతాడు. గోలు పడిందంటే మంచం కిర్రుమంటుంది, మావారు ఉలిక్కిపడి లేస్తారు.

మొన్న, "అమ్మా, రియల్ మాడ్రిడ్ 1956 నుంచి 1960 దాకా వరసగ అయిదుసార్లు యూరప్ కప్పు గెల్చింది, ఎరుకేనా?" అన్నాడు. అక్కడితో ఊరుకోక, "మన దిక్కు అసొంటోళ్ళు యాడుంటరే!" అని ముక్తాయింపు!

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. పదిహేనేళ్ళకే 'మన దిక్కు ఎవరుంటారు' అనుకునే పిల్లాడు రేపు దేనికైనా ముందడుగు ఎలా వేస్తాడు చెప్పండి?

అందుకే కూర్చోబెట్టి చెప్పాను. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. అదీ నాకౌట్ పోటీయే. ఆ 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్‌ని ఓడించి డ్యూరాండ్ కప్పూ పట్టుకొచ్చింది. మనవాళ్ళు అయిదు కప్పులూ గెలిచేశాక, 1955లో గాని యూరప్ కప్పు మొదలే కాలేదు! అప్పట్లో మా నారాయణఖేడ్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో, బీదర్ జిల్లాలో ఉండేది. అంచేత అది మా రాజధాని జట్టే.

ఆ జట్టు గురువు సయ్యద్ అబ్దుల్ రహీం, ఒక బడిపంతులు. ఆటగాళ్ళ బలహీనమైన కాలు గట్టిపడాలని, ఆ కాలితోనే ఆడే పోటీలు పెట్టేవారట. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 పతకం నాటికే ఆయన కేన్సర్‌తో బాధపడుతున్నారు. మరుసటేడు జూన్‌లో కన్నుమూశారు. ఆ రోవర్స్ కప్పూ ఇప్పుడు జరగడం లేదు. 2024లో ఆయన మీద హిందీలో 'మైదాన్' సినిమా వచ్చిందాకా ఎంతమంది పిల్లలకి ఆ పేరు తెలుసు?

మావాడు కాసేపు మాట్లాడలేదు. "అయిదేండ్లు ఒక్కటి గూడ ఓడలేదా?" అన్నాడు చివరికి.

"ఓడితె ఇంటికే గద బిడ్డా!" అన్నాను.

ఇప్పుడు సాయంత్రాలు వాకిట్లో ఎడంకాలితో బంతి తంతున్నాడు. నా బీరపాదు పందిరికి రెండు గుంజలు ఒరిగాయి. నేనేమీ అనడం లేదు.