ఒక్క మెతుకు చాలదండి



అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. మేము చదివిన అరవ బడిలోనూ ఇదే సామెత. రొమ్ములో గడ్డకి మాత్రం ఇది చెల్లదండి.

మా తమ్ముడి భార్యకి కాకినాడలో సూదితో ముక్క తీశారు. 'ఫైబ్రోఎడినోమా కావచ్చు, ఫిల్లోడిస్ కావచ్చు, గడ్డ మొత్తం తీసి చూడాలి' అని రిపోర్టు. డబ్బు పోసినా తేల్చలేదేమని ఇంట్లో గొణుగుడు.

డాక్టరమ్మ గారు విడమరిచి చెప్పారు. ఫిల్లోడిస్ రొమ్ము గడ్డల్లో నూటికి ఒకటి కూడా ఉండదు. ఒకే గడ్డ ఒకచోట మామూలుగా, మరోచోట వేరుగా ఉంటుంది. సన్నటి ముక్కలో ఆ చోటు పడకపోవచ్చు. గూడ్సు షెడ్డులో పై బస్తా చూసి వ్యాగన్ మొత్తానికి సంతకం పెట్టం కదా!

తీయించాం. ఫిల్లోడిసే. చెడ్డ రకం కాదు గానీ, మళ్లీ రావచ్చని చూపించుకుంటూనే ఉంది.

తేలలేదంటే ఏమీ లేదని కాదు. యానాంలో మన ఆడపడుచులెవరూ అలాంటి కాగితాన్ని బీరువాలో దాచొద్దు.