అప్పజెప్పడం చదవడం కాదు

జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్లలో మూడేళ్ల పిల్లవాడు ఏబీసీడీలు అప్పజెబితే ఆ రోజు పండగే. ఉక్కు కర్మాగారంలో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఇక్కడ ఎన్నో. వాళ్ల ఆశలన్నీ పిల్లల చదువు మీదే. ఆ సంబరాన్ని నేను తప్పుపట్టను.

ఊళ్లోని కదమా నుంచి మూడో తరగతి పిల్లవాణ్ని నా దగ్గరికి తీసుకొచ్చారు. "నాలుగేళ్లకే పుస్తకం గడగడా చదివేశాడండీ. ఇప్పుడు బద్ధకం" అన్నాడు తండ్రి. "చిన్నప్పుడు వస సరిగ్గా అరగదీసి నాకించలేదు బాబూ" అంది నానమ్మ. వాడు ఆ పాత పుస్తకంలో ఒక పేజీ తప్పులేకుండా చెప్పాడు. అవే మాటలు కాగితం మీద విడివిడిగా రాసిస్తే ఒక్కటీ పలకలేకపోయాడు. అమ్మ చదువుతుంటే విన్నదంతా గుర్తుపెట్టుకున్నాడు. అంత జ్ఞాపకశక్తి ఉన్నవాణ్ని మొద్దు అంటున్నారు!

చూపు, వినికిడి బాగానే ఉన్నాయి. 'కమల'లో 'క' తీసేస్తే ఏం మిగులుతుందంటే మాత్రం తడబడ్డాడు. డిస్లెక్సియా అనే చదివే ఇబ్బంది ఉన్న చాలామందికి చిక్కు ఇక్కడే: మాటను శబ్దాలుగా విడదీసి అక్షరాలతో జతకలపడం. తెలివితో దానికి సంబంధం లేదు. 1896లో ఇంగ్లండ్ వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ ఇలాంటి పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి రాశాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే బడిలో వాణ్ని మించినవాడుండడని వాడి మాస్టారే అన్నాడట.

ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు ఉండబట్టే ఇలా అయిందని తల్లి అనుమానం. తెలుగు మాన్పించాలా అని అడిగింది. వద్దమ్మా అన్నాను. భాషలు ఎక్కువైతే డిస్లెక్సియా రాదు, ఒకటి మానేస్తే పోదు. తెలుగులో రాసినట్టే పలుకుతాం కాబట్టి ఇలాంటి పిల్లలు కూడబలుక్కుని గట్టెక్కుతారు. స్పెల్లింగు ఒకటి, పలుకు ఒకటి అయిన ఇంగ్లీషులో దొరికిపోతారు.

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. "నాకూ చదువు ఇలాగే ఎక్కలేదండీ. రోజూ గోడకుర్చీయే" అన్నాడు చివరికి. డిస్లెక్సియా తరచు వంశంలో వస్తుంది. వస వల్లా కాదు, బద్ధకం వల్లా కాదు.

డిస్లెక్సియా ఉందని సర్టిఫికెట్ తీసుకునే మాట ఎత్తితే వికలాంగుడనే ముద్ర పడుతుందని భయపడ్డారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఈ లోపాన్ని గుర్తించింది. బోర్డు పరీక్షల్లో అదనపు సమయం అడగడం పిల్లవాడి హక్కు.

ఆరేళ్లలోపు పిల్లలు బీ, డీ తారుమారు చేస్తే కంగారుపడకండి. రెండో తరగతి దాటినా కొత్త పుస్తకంలో చిన్న వాక్యం చదవలేకపోతే కొట్టకండి, ఇంకో ట్యూషన్ పెట్టకండి. ముందు డిస్లెక్సియా ఉందేమో పరీక్ష చేయించండి.