అల్లుడి బండికి హెడర్లు బిగించాం, మన పికప్‌కి ఎందుకు వద్దంటున్నానంటే

టెక్సాస్ నుంచి పెట్టిన ఫొటోల్లో బండి కింద పడుకుని ఉన్నది నేనే. ఆ మెరిసే గొట్టాలు ఏంటి, మన పికప్‌కి వేస్తే లోడ్ బాగా లాగుద్దా అని నలుగురైదుగురు ఫోన్ చేశారు. అందులో మా మేనల్లుడు ఒకడు. వాడు అప్పుడే గుంటూరులో ఒక షాపులో బేరం కూడా ఆడేశాడంట, పద్దెనిమిది వేలు. బండి కిస్తీలు ఇంకా రెండేళ్లు ఉన్నాయి. అందుకని ఈసారి మిర్చి సంగతి పక్కన పెట్టి ఈ గొట్టాల గురించి రాస్తున్నా. కాస్త పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

డాలస్ పక్కన మా అమ్మాయి వాళ్లుండే చోట ప్రతి రెండో ఇంటి ముందు ఒక పికప్ ఉంటది. మోసేదేమీ ఉండదు, ఆదివారం నాలుగు బస్తాల మట్టి, ఒక గడ్డి కోసే మిషను. మా అల్లుడు కూడా పాతది ఒకటి కొన్నాడు. ఎనిమిది సిలిండర్ల పెట్రోల్ ఇంజను, టర్బో లేదు. టర్బో లేదన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దాంతో పనుంది.

పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మని శబ్దం. పది నిమిషాలు నడిచాక ఆగిపోయేది. ఇంజను లోపల ఏదో పోయిందని అల్లుడికి భయం. ఇది పొగ లీకు బాబూ, లోపల ఏం కాలేదు అన్నాను. మన ట్రాక్టర్లకి చూడలా? చల్లగా ఉన్నప్పుడు సందు ఉంటది, ఇనుము వేడెక్కి సాగితే సందు మూసుకుంటది. టార్చి వేసి చూస్తే వెనక చివరి సిలిండర్ దగ్గర బోల్టుకి తల లేదు, చుట్టూ మసి. దాని పక్కదీ అంతే.

హెడ్డేమో అల్యూమినియం, దానికి బిగించిన మానిఫోల్డ్ పోత ఇనుము. వేడికి రెండూ ఒకేలా సాగవు. ఆ గుంజుడంతా చివరి బోల్టుల మీద పడుద్ది. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, ఒకరోజు తల ఊడిపోద్ది. షాపులో అడిగితే పన్నెండు వందల డాలర్లు చెప్పారు. మన డబ్బుల్లో లక్ష. అందులో సామాను తక్కువ, కూలే ఎక్కువ. ఆ లెక్క విన్నాక నాకు నిద్ర పట్టలా. ఎటూ మానిఫోల్డ్ విప్పాలి, అది వంకర పోయుంటది, దాని బదులు హెడర్లే వేద్దాం మావయ్యా అన్నాడు అల్లుడు. నాకూ సరదా వేసింది.

హెడర్ అంటే వేరే ఏం కాదు. నాలుగు బోదెల నీళ్లు ఒక్కచోట కాలవలోకి దూకితే ఒకదాన్ని ఇంకోటి వెనక్కి తన్నుద్ది కదా. పోత మానిఫోల్డులో పొగ అట్లాగే కొట్టుకుంటది. హెడర్లో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో స్టీలు గొట్టం విడిగా వచ్చి, ముందుకెళ్లి ఒకదాంట్లో కలుస్తాయి. ముందు వెళ్లిన పొగ తన వెనక ఖాళీ చేస్తది, ఆ ఖాళీ తర్వాతి సిలిండర్ పొగని లాగుద్ది. ఇంజనుకి పొగ నెట్టే శ్రమ తగ్గుద్ది.

పొట్టివి, పొడుగువి రెండు రకాలు. పొడుగు వాటితో లాభం ఎక్కువే గాని, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని ఉన్నచోటు నుంచి కదిలించాలి. అది తీసేయడం ఆ దేశంలో నేరం, డాలస్ చుట్టుపక్కల ఏడాదికోసారి పొగ పరీక్ష కూడా ఉంది. అందుకని పొట్టివే తెప్పించాం.

గొట్టాలు బిగించడం పెద్ద పని కాదు, పాతవి ఊడదీయడమే పని. ముందు రోజు సాయంత్రమే బోల్టులన్నిటికీ తుప్పు వదిలే నూనె కొట్టి వదిలేశాం. బ్యాటరీ నెగటివ్ వైరు తీశాం. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టాం. మన ఊళ్లో ఇటుకలు పెట్టి బండి కింద దూరేవాళ్లు ఈ ఒక్క ముక్క అయినా వినండి. తల పోయిన మొదటి బోల్టు పావు అంగుళం బయటికి ఉంది. దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేశాం. ఆ వేడికే పట్టు వదిలింది, పానా వేస్తే నెమ్మదిగా తిరిగొచ్చింది. రెండోది లోపలికి విరిగింది. దానికి ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్టు వాడాలి. మామూలు బిట్టు అయితే ఇంకా లోపలికి బిగించుద్ది. సరిగ్గా నడిమధ్యన పంచ్ కొట్టి పెడితే, తొలుస్తూ తొలుస్తూ ఉండగా బిట్టుతో పాటే బోల్టు ముక్క బయటికొచ్చింది. కొంచెం పక్కకి పోయుంటే హెడ్డులో మరలు పాడయ్యేవి. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఆ రెండు ముక్కలకే సరిపోయింది. అమెరికా చూడ్డానికి వచ్చావా నాన్నా, గ్రీజు పూసుకోవడానికి వచ్చావా అని మా అమ్మాయి గొణుగుతానే ఉంది.

మర్నాడు కొత్త ప్యాకింగులు, కొత్త బోల్టులు. మధ్య నుంచి చివరలకి, రెండు మూడు విడతల్లో బిగించాం. ప్లగ్గు వైర్లు గొట్టాలకి తగలకుండా వేడి ఆపే తొడుగులు వేశాం. స్టార్ట్ చేసే ముందు గొట్టాల మీద చేతి జిడ్డు గుడ్డతో తుడవాలి, లేకపోతే వేలిముద్రలు అట్లాగే కాలి నిలిచిపోతాయి. చల్లారాక బోల్టులు మళ్లీ చూసుకున్నాం.

టిక్ టిక్ పోయింది. శబ్దం కొంచెం గంభీరంగా ఉంది. బలం పెరిగిందా అంటే, రోడ్డు మీద నాకైతే తేడా తెలియలా. అల్లుడు తెలిసిందంటాడు. డబ్బులు పెట్టినోడికి తెలుస్తదిలే.

ఇప్పుడు మన సంగతి. మన పికప్పులు టర్బో డీజిల్. టర్బో నేరుగా మానిఫోల్డ్ మీదే కూర్చుంటది, ఆ పొగ వేడితో, ఒత్తిడితోనే తిరుగుద్ది. గొట్టాలు పొడుగు చేస్తే ఆ వేడి దారిలోనే పోద్ది, టర్బో ఆలస్యంగా అందుకుంటది. గుంటూరు షాపువాళ్లు 'హెడర్' అని చెప్పేది అసలు హెడరే కాదు, వాడు పంపిన ఫొటో చూశా. టర్బో తర్వాత సైలెన్సర్ కోసేసి పెట్టే ఖాళీ గొట్టం. దాంతో వచ్చేది శబ్దం. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండి అయితే పొగ వడపోత, సెన్సర్లు ఉంటాయి. వాటిని కదిలిస్తే లైటు వెలిగి, ఉన్న బలం కూడా తగ్గించేస్తది. పైగా శబ్దం, పొగ హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు అని రాసుంది.

నా భయం జరిమానా కాదు. ఆ బండిలో మా వాడు రాత్రిళ్లు ఒక్కడే మిర్చి బస్తాలతో యార్డుకి వెళ్తాడు. అతుకు దగ్గర లీకైతే పొగ క్యాబిన్‌లోకి వస్తది, తలనొప్పి, మత్తు. సీజన్లో వరిగడ్డి వేస్తాడు. అడుగున రేకు తొడుగు లేని గొట్టం ఎర్రగా కాలుతుంటే పైన గడ్డి.

లోడ్ లాగట్లేదంటే ముందు గాలి ఫిల్టరు చూడండి, మన దుమ్ముకి అది ఎన్నాళ్లు ఆగుద్ది. టర్బో నుంచి వచ్చే రబ్బరు పైపు చీలిందేమో, క్లిప్పు వదులైందేమో చూడండి. బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో చక్రం లేపి తిప్పండి. పొగ లీకు తెలియాలంటే ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, ఒకరు తడిగుడ్డతో సైలెన్సర్ మూతి ఒక్క క్షణం అడ్డుకోండి, లీకున్న చోట బుస్సుమంటది.

ఇదంతా వాడికి ఫోన్లో చెప్పా. అంతా విని, అయినా సౌండు బాగుంటది కదా మావయ్యా అన్నాడు. ఒరేయ్, అడ్వాన్సు మాత్రం ఇవ్వొద్దు, వచ్చే నెలలో నేను దిగుతున్నా, ఈలోపు గాలి ఫిల్టరు విప్పి ఫొటో పంపమన్నా. వారమైంది, ఇంకా పంపలా.