బాపు గుండెలో అతుకు

బాపుకు గుండెపోటు వస్తే మేం గ్యాస్ అనుకున్నాం. ఈనో తాగించి పడుకోబెట్టాం. దవాఖానకు తీసుకుపోయేసరికి నాలుగు గంటలు దాటింది. స్టెంట్ వేశారు, బతికాడు. కానీ సిరిసిల్లలో మళ్లీ సాంచల దగ్గర నిలబడితే అరగంటకే ఆయాసం. "స్టెంట్ ఏసినంక ఇంకేంది? భయపడుతున్నడు బావ" అని కోరుట్ల మామ అంటే నేనూ తలూపాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జగిత్యాలలో ఎంబీబీఎస్ రెండో ఏడాది. ల్యాబ్‌లో ఓ స్లైడ్ చూశాను. గుండెపోటు తర్వాత మానిన కండరం ముక్క. పిక్రోసిరియస్ రెడ్ అనే రంగు వేసి ఉంది. మామూలు వెలుతురులో పసుపు కండరం, మధ్యలో ఎర్రటి మరక, అంతే. స్లైడ్ కింద ఒక పోలరైజింగ్ ఫిల్టర్, పైన దానికి అడ్డంగా ఇంకోటి పెట్టగానే చుట్టూ చీకటైంది. మరక మాత్రం నారింజ, పసుపు, ఆకుపచ్చ పోగులుగా భగ్గుమంది.

మొదటి ఫిల్టర్ వెలుగును ఒకే దిశలో ఊగేలా వడగడుతుంది, రెండోది దాన్ని ఆపేస్తుంది. మధ్యలో కొల్లాజెన్ పోగులుంటే అవి వెలుగు తీరు మార్చి కొంత దాటిస్తాయి. లావు పోగులు ఎర్రగా, సన్నవి పచ్చగా. స్లైడ్ తిప్పితే కొన్ని ఆరిపోతాయి, కొన్ని వెలుగుతాయి. బ్రెజిల్‌లో జున్‌కేరా బృందం 1979లోనే ఈ పద్ధతి గురించి రాసింది. (ల్యాప్‌టాప్ తెల్ల తెర ముందు ప్లాస్టిక్ స్కేలు పెట్టి పోలరైజ్డ్ కళ్లద్దాలతో చూడండి, రంగులు మీకూ కనిపిస్తాయి.)

స్టెంట్ రక్తనాళాన్ని తెరుస్తుంది, చచ్చిన కండరాన్ని లేపలేదు. రెండు నెలల్లో ఆ చోటును కొల్లాజెన్ మచ్చ పూడుస్తుంది. అది లేకపోతే గుండె గోడే చిరగొచ్చు. కానీ ఆ మచ్చ కొట్టుకోదు. దాని పని కూడా మిగిలిన కండరమే మోయాలి.

ఆదివారం మామను వెంటబెట్టుకుని సిరిసిల్ల పోయాను. ఫోన్లో ఆ ఫొటో చూపించాను.

"గిది నాదేనా?"

"కాదు బాపు, ఎవరిదో. నీ లోపల గిట్లాంటిదే ఉంటది."

వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "పడుగు తెగిన కాడ అతుకు ఏసినట్టున్నది" అన్నాడు. తర్వాత మెల్లగా, "గోలీలు బందు జేసి నెలయింది" అని చెప్పాడు. తిన్నా పని చేతగాకపోతే ఎందుకనుకున్నాడట.

మామ ఏం మాట్లాడలేదు. అమ్మ మందుల డబ్బా తెచ్చింది. మర్నాడు డాక్టర్ దగ్గరికి బండి మీద తీసుకుపోయింది మామే. వచ్చేటప్పుడు ఆసామితో మాట్లాడి రాత్రి షిఫ్టు తీయించాడు.