ఎక్స్‌రే కంటే ముందు గచ్చు చూడాలి

హైదరాబాద్ శివారు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి ఓపీ మొదలయ్యే వేళకు వెళ్లాను. వరసలో ఉన్న ఒక లాబ్రడార్ మీద నా చూపు నిలిచిపోయింది. పేరు పిలవగానే ముందుకాళ్లు ఊనింది. వెనక కాళ్లు నున్నటి గచ్చు మీద జారాయి, గోళ్లు గీరుకున్నాయి. రెండోసారి నడుము ఎగదోసుకుని లేచింది. నడవమంటే వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతింది. డాక్టరు తొడలు తడిమారు, కండ కరిగిపోయింది. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే కొవ్వు కింద ఎముక తగల్లేదు. ఇంటివాళ్లు అడిగింది ఒక్కటే: ఆపరేషన్ చేయించాలా, శాశ్వతంగా నిద్రపుచ్చాలా? ఆ రెండింటికీ నడుమ చాలా దారి ఉందని, ముందు ఆ దారి నడవాలని నేను నమ్ముతున్నాను.

దాని సమస్య తుంటి కీలు వదులుగా ఉండటం. ఇది జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్, లాబ్రడార్ వంటి పెద్ద జాతుల్లో ఎక్కువగా వంశపారంపర్యంగా వస్తుంది. దాన్ని ముదరబెట్టేది మాత్రం బరువు. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా పెంచి, ప్రతి జతలో ఒకదానికి తిండి నాలుగో వంతు తగ్గించి జీవితాంతం గమనించారు. 2002లో వెలువడిన ఫలితాల ప్రకారం తక్కువ తిన్నవాటి మధ్యగత ఆయుష్షు 13 ఏళ్లు, మిగతావాటిది 11.2. కీళ్ల అరుగుదల కూడా తక్కువ తిన్నవాటిలో ఆలస్యంగా మొదలైంది. ఇప్పటికే కుంటుతున్న లావు కుక్కల్లో బరువు ఆరు శాతం తగ్గినా నడక మెరుగుపడుతుందని మరో అధ్యయనం చూపింది. నలభై కిలోల కుక్కకు అది దాదాపు రెండున్నర కిలోలు. ఎక్స్‌రేలో కీలు ఎంత పాడైనట్టు కనిపించినా నొప్పి అంతే ఉండాలని లేదు. అందుకే ఫిల్మ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

మూగజీవి కడుపు మాడ్చడం పాపమంటారు. కొలిచి పెట్టడం మాడ్చడం కాదు. ప్రేమగా వేసిన ప్రతి అదనపు ముద్దనూ మోయాల్సింది ఆ కీలే. రోజూ నొప్పి మాత్ర వేస్తే కిడ్నీలు పోతాయంటారు. ఆ భయంలో నిజముంది. అందుకే కుక్కలకు తగిన మందును డాక్టరు చెప్పిన మోతాదులోనే, మధ్యమధ్య రక్త పరీక్షలతో వాడాలి. ఇంట్లో ఉన్న ఐబూప్రోఫెన్ వేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఇక ఆపరేషన్: తొడ ఎముక తల తీసేసే పద్ధతి తేలిక కుక్కల్లో ఇచ్చినంత నమ్మకమైన ఫలితం బరువైనవాటిలో ఇవ్వదు. కీలు మార్పిడి మంచిదే కానీ ఖర్చు ఎక్కువ, చేసేచోట్లు తక్కువ. ఏది చేయించినా బరువు తగ్గితేనే ఫలితం నిలుస్తుంది.

ఇదంతా బాధను పొడిగించడమేనన్నది చివరి అభ్యంతరం. దాన్ని తోసిపుచ్చలేం. మందు, తిండి, పరుపు అన్నీ సరిచేశాక కూడా తిండి మానేసి, లేవలేక పడుకున్నచోటే తడుపుకుంటూ, మంచి రోజుల కన్నా చెడ్డ రోజులే మిగిలితే నిద్రపుచ్చడం దయే. ఆ లెక్క క్యాలెండర్ మీద రోజూ గుర్తు పెడితేనే తేలుతుంది. అంతదాకా రాకముందే చూడాల్సింది గచ్చు. మన ఇళ్లలో టైల్స్, గ్రానైట్ మనకు అందం, కుక్కకు జారే మంచుగడ్డ. ఆ లాబ్రడార్ ఇంటివాళ్లకు డాక్టరు రాసిచ్చిన చీటీలో మందు కంటే పైన ఉన్న మాట: పడక నుంచి గిన్నె దాకా రబ్బరు చాప.